ఇల్లిచ్చినవాడు, అన్నము పెట్టినవాడు



ఇద్దరు కలిసి జీవించుచు, ఒకరు ఇల్లును మరియొకరు అన్నమును ఇచ్చుచున్నయెడల, వారిలో యజమాని ఎవరు? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడును. అయినను మన గ్రామములలో ఆసామికిని పాలేరునకును నడుమ, భర్తకును భార్యకును నడుమ, వృద్ధులైన తలిదండ్రులకును సంపాదించు కుమారునికిని నడుమ పుట్టు కలహములలో అనేకము ఈ ప్రశ్న నుండియే పుట్టుచున్నవి. “నా నీడను బ్రదుకుచున్నావు” అని ఒకరందురు. “నా కష్టము తినుచున్నావు” అని మరియొకరందురు. ఈ నెల మేము ఈ సంగతిని పెద్ద గ్రంథముల నుండి గాక, వంటింటి డబ్బాలోని ఒక అల్పమైన వస్తువు నుండి విచారింపగోరుచున్నాము. ఆ వస్తువు రాతిపువ్వు.

హైదరాబాదు నగరములో అబిడ్సునకును నాంపల్లికిని చేరువలో మొజంజాహి మార్కెట్టు కలదు. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలమున, 1935లో రాతితో కట్టబడిన ఆ కట్టడమునకు ఆయన రెండవ కుమారుడు మొజం జా పేరు పెట్టిరి. అక్కడి నుండి బేగంబజారు దూరము కాదు. ఆ ప్రాంతపు మసాలా దుకాణములలో లవంగములు, యాలకులు, దాల్చినచెక్క, అనాసపువ్వుల ప్రక్కన ఎండిన తోలుముక్కల వంటి రేకులు అమ్మకమునకు పెట్టబడియుండును. ఒక ప్రక్క నలుపు, మరియొక ప్రక్క బూడిదవన్నె. ఉర్దూ మాటలాడువారు దానిని పత్తర్ కా ఫూల్ అందురు. మనవారు రాతిపువ్వు అందురు. చేతిలో తీసికొని వాసన చూచినయెడల ఎండిన బెరడు వాసన తప్ప మరేమియు తెలియదు. వేడి నేతిలో పడినప్పుడు మాత్రము దాని పరిమళము లేచును. హైదరాబాదు బిరియానీలోను, మాంసపు కూరలలోను నోటికి తెలియునట్టియు పేరు చెప్పలేనట్టియు రుచి కొంతవరకు దీని వలన కలుగుచున్నది. మన సంఘములలో పెండ్లివిందు జరిగినప్పుడు వంటవాడు వ్రాసి ఇచ్చు మసాలా పట్టీలో ఇదియు ఉండును.

దాని పేరులో రెండు మాటలు కలవు. ఆ రెండును పూర్తిగా నిజము కావు. మొదట, అది పువ్వు కాదు. దానికి వేరు లేదు, కాడ లేదు, గింజ లేదు. రెండవది, అంగడిలో అమ్ము రాతిపువ్వులో ఎక్కువ భాగము రాతిమీద నుండి వచ్చినది కాదు. ఉత్తరాఖండ్ వంటి కొండసీమలలోని చెట్ల బెరడు మీద నుండి సేకరింపబడినది. శాస్త్రజ్ఞులు ఈ జాతిని లైకెను అందురు. మన చింతచెట్టు బెరడు మీదను మామిడికొమ్మల మీదను తెల్లగా, బూడిదరంగుగా, గుండ్రముగా అంటుకొనియుండు మచ్చలలో అనేకము ఈ లైకెనులే. ఆ మచ్చలు చెట్టు రసమును పీల్చుచున్నవని కొందరు రైతులు భయపడి గీకివేయుదురు. ఆ భయము అక్కరలేదు. లైకెను చెట్టు మీద కూర్చుండునే గాని చెట్టును తినదు.

లైకెను అను మాట గ్రీకు భాషలోనిది. మన చదువరులు తెలిసికొనదగిన సంగతి ఒకటి కలదు. పాత నిబంధనను పూర్వము గ్రీకులోనికి తర్జుమా చేసినవారు లేవీయకాండము 21వ అధ్యాయములో యాజకునికి ఉండకూడని లోపములను చెప్పుచు, ఒక చర్మరోగమునకు ఇదే మాటను వాడిరి. అనగా పూర్వులు రాతి మీదను చెట్టు మీదను ఈ మచ్చలను చూచి వీటిని ఒక విధమైన తామర వంటివిగా ఎంచిరి. చూచుటకు రోగమువలె ఉన్నది గనుక రోగపు పేరే పెట్టిరి. దగ్గరగా చూచినవారు లేకపోయిరి.

తరువాతి దినములలో సూక్ష్మదర్శినితో దగ్గరగా చూచిన మనుష్యుడు స్విట్జర్లాండు దేశస్థుడైన సైమన్ ష్వెండెనెర్. ఆయన 1867లోను, ఆ తరువాత 1869లోను ప్రకటించిన సంగతి విని నాటి పండితులు కలవరపడిరి. లైకెను ఒక ప్రాణి కాదు, రెండు ప్రాణులు కలిసి కట్టిన కాపురము అని ఆయన చెప్పెను. ఒకటి శిలీంధ్రము, అనగా రొట్టెకు పట్టు బూజునకును వానకాలపు కుక్కగొడుగునకును చుట్టము. రెండవది శైవలము, అనగా చెరువు నీటి మీద తేలు పచ్చని పాచికి చుట్టము. శిలీంధ్రము సన్నని దారములను అల్లి ఇల్లు కట్టును; వాననీటిని పీల్చి పట్టును; ఎండ తీవ్రతను ఆపును. ఆ ఇంటి లోపల పచ్చని శైవలకణములు కాపురముండి, వెలుతురును గాలిని నీటిని కలిపి చక్కెర చేయును. పచ్చదనము లేని శిలీంధ్రము తన అన్నమును తాను చేసికొనలేదు. శైవలము వండగా అది తినును.

ఇంతవరకు సంగతి. అయితే ష్వెండెనెరు అంతటితో ఊరకుండలేదు. ఈ కాపురమునకు ఒక పోలిక చెప్పెను. శిలీంధ్రము యజమాని యనియు, శైవలములు దాని బానిసలనియు, సాలెపురుగు తన వలలో ఈగను చుట్టినట్లు అది వాటిని చుట్టి పట్టుకొని తనకొరకు పని చేయించుకొనుచున్నదనియు వర్ణించెను. అనేకులైన లైకెను పండితులు ఈ మాటకు మండిపడిరి. ఫిన్లాండులో పుట్టి పారిసులో నివసించిన విలియం నిలాండెర్ వారిలో ముఖ్యుడు. తాము ఆయుష్కాలమంతయు పేర్లు పెట్టి వర్ణించిన అందమైన మొక్క, యజమానియు బానిసలును కలిసిన ఒక గుంపు అనుట వారికి అవమానముగా తోచెను. కొన్ని సంవత్సరములైన తరువాత, 1879లో, జర్మను పండితుడైన అంటోన్ డి బారి వేరొక మాటను ప్రచారములోనికి తెచ్చెను. పేర్లు వేరైన ప్రాణులు కలిసి జీవించుటను ఆయన సహజీవనమని అర్థమిచ్చు మాటతో పిలిచెను. ఆయన మాటలో యజమాని లేడు, బానిస లేడు. కలిసి యుండుట మాత్రమే కలదు.

ఇప్పుడు మన ప్రశ్నకు వచ్చుదము. ష్వెండెనెరు చెప్పినది నిజమా? రెండు పక్షములను న్యాయముగా వినవలెను.

ఆయన పక్షమున చెప్పదగినవి కొన్ని కలవు. కొన్ని లైకెనులలో శిలీంధ్రపు దారములు శైవలకణముల లోనికి చొచ్చుకొనిపోవును. కొన్ని కణములు చచ్చుటయు కలదు. లైకెను లోపల శైవలము స్వేచ్ఛగా వృద్ధిపొందదు. దాని సంఖ్యకు హద్దు ఉండును. అది చేసిన చక్కెరలో అధికభాగము బయటికి వచ్చి శిలీంధ్రమునకు చేరుచున్నదని 1960ల నాటి పరిశోధనలలో తేలెను. విచిత్రమేమనగా, శైవలమును లైకెను నుండి వేరుచేసి విడిగా ఉంచినప్పుడు కొద్దికాలములోనే అది చక్కెరను బయటికి కార్చుట మాని తనకొరకే ఉంచుకొనును. ఇంటిలో ఉన్నంతకాలము దానిచేత ఏదో ఒక విధముగా ఇప్పించుకొనబడుచున్నదన్న మాట.

రెండవ పక్షమున చెప్పదగినవియు కలవు. నున్నని బండ మీద, మండుటెండలో, నెలల తరబడి చుక్క నీరు లేని చోట, ఒంటరి శైవలము నిలువజాలదు. ఒంటరి శిలీంధ్రమును నిలువజాలదు. ఇద్దరును కలిసినప్పుడు హిమాలయ శిఖరముల మీదను, ఉత్తరధ్రువపు మంచు అంచులలోను, ఎడారి రాళ్ల మీదను బ్రదుకుచున్నవి. 2005లో రెండు జాతుల లైకెనులను రష్యా ఉపగ్రహములో పంపి, సుమారు రెండు వారములు అంతరిక్షపు శూన్యమునకును సూర్యుని తీక్ష్ణతకును విడిచిపెట్టగా, అవి తిరిగివచ్చి మరల జీవనము సాగించెను. ఇటువంటి లైకెనులు లోకములో సుమారు 20,000 జాతులున్నవని అందురు. మన దేశములో 2,000కు పైగా గుర్తింపబడినవి. మన దేశములో ఈ విద్యకు పునాది వేసినవారిలో లక్నో విశ్వవిద్యాలయపు ధరణీధర్ అవస్థి ముఖ్యుడు; ఆయన 2011లో మరణించెను. ఇందరు పండితులు ఇన్ని చోట్ల చూచిన సంగతి ఇది: ఒకరికి చోటులేని భూమిలో ఇద్దరికి చోటు దొరికినది.

అయితే మన మనస్సాక్షిని తట్టు సంగతి మరియొకటి కలదు. ఈ ఇద్దరిలో ఎవరికి ఎవరి అవసరము ఎక్కువ? యజమాని అనబడిన శిలీంధ్రమునకే ఎక్కువ. లైకెనులలో చేరు శైవలములలో కొన్ని తడిరాళ్ల మీదను చెట్టు బెరడుల మీదను ఒంటరిగా కూడ బ్రదుకుచున్నవి. లైకెను శిలీంధ్రములో చాలమట్టుకు బయట ఒంటరిగా బ్రదుకుట కనబడదు. ప్రయోగశాలలో దానికి ఆహారము పెట్టి పెంచినను అది బహు నెమ్మదిగా, రూపములేని ముద్దగా పెరుగును. ఆ అందమైన ఆకురూపము, ఆ రేకులు, శైవలము వచ్చి చేరినప్పుడే కలుగును. చూచితిరా! బానిస లేనిది యజమానికి ముఖమే లేదు. ఎవనిని “నా నీడను బ్రదుకుచున్నావు” అనుచున్నాడో, వాడు లేనిది ఆ నీడయే లేదు.

ఇంతలో పేరు సంగతి వినుడి. శాస్త్రజ్ఞుల నియమము ప్రకారము లైకెనుకు పెట్టిన పేరు దానిలోని శిలీంధ్రమునకు చెందును. శైవలమునకు వేరే పేరు కలదు గాని లైకెను పేరులో అది కనబడదు. పేర్లు పెట్టుటలో గందరగోళము లేకుండుటకే వారు ఇట్లు నిర్ణయించిరి. వారిని తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. అయినను మన లోకరీతికి ఇంతకన్న సరియైన బొమ్మ దొరకదు. ఇల్లు కట్టినవాని పేరు ఇంటికి వచ్చును. వంట చేసినవారి పేరు విస్తరిలో కరిగిపోవును. అంతేకాదు, 2016లో టోబి స్ప్రిబిల్ అను పండితుడును ఆయన తోటివారును కొన్ని లైకెనుల పైచర్మములో మూడవ నివాసిని కనుగొనిరి. అది కల్లును పిండిని పొంగించు ఈస్టువలె ఒంటికణపు శిలీంధ్రము. నూటయేబది సంవత్సరములు పండితులు ఇద్దరిని గూర్చి వాదించుచుండగా, ఆ ఇంటిలో మూడవవాడు పలుకక కూర్చుండియుండెను. మన ఇండ్లలోను లెక్కకు రానివారు ఒకరైనను లేరా?

అబిడ్స్, నాంపల్లి వీధులే ఈ పేరు సంగతికి సాక్ష్యమిచ్చుచున్నవి. అబిడ్స్ అను పేరు రాజు పేరు కాదు, మంత్రి పేరు కాదు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఆయన వస్త్రములు మొదలైనవి చూచుకొను సేవకుడైన ఆల్బర్ట్ ఆబిద్ అక్కడ ఒక దుకాణము పెట్టెను. దుకాణము పోయినది, పేరు నిలిచినది. సేవకుని పేరు నగరపు నడిబొడ్డున నిలుచుట అరుదైన సంగతి. దీనికి ఎదురుగా మరియొకటి చూడుడి. నాంపల్లి స్టేషనుకు దూరము కాని రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ ఆసుపత్రి కలదు. 1953లో ప్రారంభమైన ఆ ఆసుపత్రికి, జిల్లాల నుండి తల్లులు రోగులైన బిడ్డలను ఎత్తుకొని వచ్చుచుందురు. మొజం జా భార్యయైన నీలోఫర్ రాకుమారి పేరు దానికి పెట్టబడెను. ఆమె ఆ ఆసుపత్రి కావలెనని తలంచుటకు కారణము, 1949లో ఆమె పరిచారిక రఫతున్నిసా కాన్పులో మరణించుటయే అని చెప్పుదురు. రాకుమారి చేసిన మేలు గొప్పది; ఆమె పేరు అక్కడ ఉండుట న్యాయమే. కాని ఎందరు తల్లులు ఆ గుమ్మము దాటునప్పుడు రఫతున్నిసాను తలంచుకొనుచున్నారు? ఇంటిపేరు ఒకరిది, ఆ ఇల్లు పుట్టుటకు చెల్లించిన వెల మరియొకరిది.

మన గ్రామముల మాట చెప్పుదము. పూర్వము తెలంగాణములో భగేలా అను పద్ధతి ఉండెను. బీదవాడు పెండ్లికో చావుకో కొంత సొమ్ము అప్పు తీసికొని, ఆ అప్పు తీరువరకు దొర యింట పని చేయవలెను. అప్పు తీరకపోయెను, కొడుకు ఆ కాడిని మోసెను. దొరను అడిగినయెడల, “నేను వానికి గుడిసె ఇచ్చితిని, గంజి పోసితిని, గుడ్డ ఇచ్చితిని, నేను లేనిది వాడెట్లు బ్రదుకును?” అని చెప్పుచుండెను. ఆ మాటలో ప్రతిదియు నిజమే; లెక్క మాత్రము తలక్రిందులు. ఆ గంజికి గింజ పండించినది ఎవరు? ఆ గుడిసెకు మట్టి తొక్కినది ఎవరు? 1976 నాటి చట్టము వెట్టిని, అప్పుల దాస్యమును దేశమంతట నిషేధించెను. మన సంఘములలోని పెద్దలలో కొందరు ఆ కాడి క్రింద నడచినవారి కుమారులు, మనుమలు. వారికి ఈ సంగతి పుస్తకములో చదివి తెలిసికొన నక్కర లేదు. అయితే చట్టము దాస్యము పేరును కొట్టివేయగలదు గాని, “నా నీడ” అను మాటను మన నోటినుండి తీసివేయలేదు. ఆ మాట నేడును ఇటుకబట్టీ యొద్దను, అద్దె యింటి యొద్దను, వంటింటి గడప యొద్దను వినబడుచున్నది.

నగరమును పల్లెయు ఇట్టి కాపురమే చేయుచున్నవి. నాంపల్లి స్టేషను చాలకాలము నుండి పల్లెవాసులను నగరములో దించుచున్నది. మన పిల్లలు అక్కడ దిగి, అబిడ్స్ దుకాణములలో బట్టలు మడతపెట్టుచు, హోటళ్లలో పాత్రలు కడుగుచు, మేడలకు కావలి కాయుచు, ఇండ్లలో పసిబిడ్డలను ఎత్తుకొనుచున్నారు. నగరము తినుబియ్యము పల్లెలో పండినది. నగరము మనకు ఏమియు ఇచ్చుటలేదని మేము చెప్పము. బడి, ఆసుపత్రి, కూలి, కులము పేరు అడుగని వీధి, ఇవి చిన్న సంగతులు కావు. పల్లెలో నిలువలేని కొందరు నగరములో నిలిచిరి. కావున ఇది వట్టి దోపిడి యనుట న్యాయము కాదు, వట్టి దయ యనుటయు న్యాయము కాదు. ఇల్లు ఒకరిది, అన్నము ఒకరిది. ఇరువురికిని ఒకరు కావలెను. ఆపద ఎక్కడ పుట్టుననగా, ఇల్లిచ్చినవాడు తాను ఇచ్చినది మాత్రము జ్ఞాపకముంచుకొని, తాను తిన్నది మరచినప్పుడు.

ఆ మరపు ఎంత అపాయమో లైకెనే నేర్పుచున్నది. లైకెనుకు వేరు లేదు. దానికి కావలసినదంతయు గాలి నుండియు వాననీటి నుండియు తీసికొనవలెను. గాలిలో విషముండినను వడగట్టుకొనుటకు తగిన పైతొడుగు దానికి లేదు. ముందు చెప్పిన నిలాండెరు 1866లో పారిసు నగరపు లక్సెంబర్గు తోటలోని లైకెనులను గూర్చి వ్రాయుచు, నగరపు గాలి చెడినచోట అవి నశించుచున్నవని గుర్తించెను. బొగ్గుపొగలోని గంధకపు విషవాయువు వలన ఐరోపా నగరములలో అనేక జాతులు లేకుండపోయెను. ఇందులో గమనింపదగిన సంగతి ఏమనగా, అట్టి గాలిలో ముందుగా దెబ్బతినునది లోపలనున్న పచ్చని శైవలము. అన్నము పెట్టునది ముందు పడిపోవును. ఇల్లు కొంతకాలము నిలిచియున్నట్లే కనబడును. పిమ్మట అదియు రాలిపోవును. గోడ నిలిచియున్నది గదా అని ధైర్యపడువాడు వెఱ్ఱివాడు. చదువరులలో ఎవరైనను పనిమీద హైదరాబాదు వెళ్లినప్పుడు, నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులోని పాత చెట్ల బెరడును ఒక నిమిషము చూడుడి. ఊరికి వచ్చి, వాహనముల పొగ తగులని మీ పొలముగట్టు చెట్టు బెరడును చూడుడి. రెంటిని పోల్చి, మీ పిల్లలకు చూపించి, మీరే తీర్మానించుకొనుడి.

కరవు వచ్చినను, రోగము వచ్చినను, అంగడి పడిపోయినను మన నడుమ ఇట్లే జరుగుచున్నది. ముందు కూలివాని పొయ్యి ఆరిపోవును. 2020లో కరోనా రోగపు దినములలో నగరములు తలుపులు మూసికొన్నప్పుడు, మేడలు కట్టిన చేతులే మూటలు నెత్తిన పెట్టుకొని రహదారుల వెంట నడచినవి. ఆ దినములలో మన పల్లెల పొలిమేరలలో వారికి గంజి కాచి పోసినవారును ఉన్నారు, భయముచేత ముండ్లకంప అడ్డము వేసినవారును ఉన్నారు.

మసాలా దుకాణములోని రాతిపువ్వును మరియొకసారి చూడుడి. రాళ్లకు అంటిపెట్టుకొను లైకెనులలో అనేకము ఏడాదికి ఒక మిల్లీమీటరైనను పెరుగవు. రేకులు గల ఈ జాతులు కొంచెము వేగముగా, ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు పెరుగును. అరచేతి వెడల్పు కావలెనన్న పది, ఇరువది సంవత్సరములు పట్టవచ్చును. దానిని కొండ మనిషి ఒక్క క్షణములో గీకి సంచిలో వేయును. అతడు బీదవాడు, అతనికి అది ఆ పూట కూలి. వర్తకుడు లాభమునకు కొనును. వంటవాడు చిటికెడు వేయును. అతిథి రుచి మెచ్చుకొనును. మెచ్చుకోలు వంటవానికి చెందును. చెట్టుమీద ఇరువది సంవత్సరములు వండిన శైవలమునకు గాని, అడవిలో తిరిగిన మనిషికి గాని చెందదు. బిరియానీ తినుట పాపమని మేము చెప్పుట లేదు. నెమ్మదిగా పెరిగినదానిని కొంచెముగా తీసికొనవలెననియు, కొంత చెట్టుమీద విడువవలెననియు, సేకరించిన చేతికి తగిన వెల ముట్టవలెననియు మాత్రము చెప్పుచున్నాము. కోతకాలమున పొలముగట్టున పరిగె ఏరుకొనువారికి కొంత విడిచిపెట్టు వాడుక మన పెద్దలకు తెలియని సంగతి కాదు.

అయితే, ష్వెండెనెరు చెప్పినది నిజమా అను ప్రశ్నకు మా ఉత్తరమేమి? లైకెనుకు మనస్సాక్షి లేదు. దానిని యజమాని యనినను, స్నేహితుడనినను, అవి మన మాటలే. శిలీంధ్రము కఠినముగా ఉండినయెడల మనము కఠినముగా ఉండవచ్చునని అర్థము కాదు. అది దయగా ఉండినయెడల మనకు పుణ్యము రాదు. సృష్టిలోని రీతి మనకు పాఠమగును గాని తీర్పు కాదు. తీర్పు మనమే చెప్పుకొనవలెను. ఒకే కాపురమును ఒక పండితుడు దాస్యమనెను, మరియొకడు సహజీవనమనెను. మనుష్యుల కాపురమైతే ఈ రెంటిలో ఏది యని తెలిసికొనుటకు మూడు గురుతులు చాలునని మాకు తోచుచున్నది.

మొదటి గురుతు లెక్క. ఇల్లిచ్చినవాడు తాను ఇచ్చినదానితో కూడ తాను పుచ్చుకొన్నదానిని లెక్కలో వ్రాయుచున్నాడా? భార్య తెల్లవారుజామున లేచి చేయు పనికి కూలి కట్టినయెడల ఎంతమంది భర్తలు అప్పులవారగుదురో లెక్కవేసి చూడుడి.

రెండవ గురుతు తలుపు. లోపలనున్నవాడు పోవలెననుకొన్నప్పుడు తలుపు లోపలినుండి తీయగలడా? అప్పుచేతను, భయముచేతను, సిగ్గుచేతను గడియ వేయబడిన ఇల్లు ఎంత చల్లనిదైనను చెరసాలయే. తలుపు తెరచియున్నను వాడు ఉండగోరినప్పుడే అది కాపురము.

మూడవ గురుతు పేరు. విందు ముగిసినప్పుడు, పంట ఇల్లు చేరినప్పుడు, అన్నము పెట్టినవారి పేరు ఎవరైన పలుకుచున్నారా? మేము సంఘకాపరులము గనుక ఈ గురుతు ముందుగా మాకే తగులును. గుడి బల్లమీద కాపరి పేరు వ్రాయబడును, కమిటీ పెద్దల పేర్లు వ్రాయబడును. కాని మన పల్లె సంఘములలో ప్రతిపూట పొయ్యి మీద ఎసరు పెట్టునప్పుడు పిడికెడు బియ్యము తీసి వేరే కుండలో వేయు తల్లుల పేర్లు ఏ బల్లమీద ఉన్నవి? కాపరి ఆ సంఘమునకు నీడ అని అందురు. ఆ నీడ ఆ పిడికెడు బియ్యము మీద నిలిచియున్నది.

లైకెనులలో అనేక జాతులు తమ సంతానమును పంపు విధము ఒకటి కలదు. శిలీంధ్రపు దారములు కొన్నిటిని, శైవలకణములు కొన్నిటిని కలిపి చిన్న పొడివంటి మూటగా కట్టి గాలికి విడుచును. ఆ మూట ఎక్కడ పడినను ఇద్దరును కలిసియే పడుదురు గనుక అక్కడ కొత్త కాపురము వెంటనే మొదలగును. శిలీంధ్రము తన విత్తును మాత్రము ఒంటరిగా పంపినప్పుడు, అది పడిన చోట శైవలము దొరకనియెడల దానికి బ్రదుకు లేదు. మన బిడ్డలను లోకములోనికి పంపునప్పుడు వారికి ఏ మూట కట్టి పంపుచున్నాము? ఇల్లు కట్టుట ఎట్లో మాత్రము నేర్పి పంపుచున్నామా, అన్నము పెట్టినవారిని ఎరుగుట కూడ నేర్పి పంపుచున్నామా?

ప్రియులారా, రేపు విస్తరి ముందు కూర్చుండినప్పుడు, ముద్ద నోట పెట్టుకొనక మునుపు ఆ అన్నము వెనుకనున్న ఒక్క మనిషి పేరు తలంచుకొనుడి. నాటు వేసిన కూలితల్లియో, గొడ్లు కాచిన పిల్లవాడో, పొయ్యి ఊదిన కోడలో, ఎవరైన కావచ్చును. పేరు తెలియనియెడల అడిగి తెలిసికొనుడి. తెలిసిన పేరైతే, వారు వినునట్లు ఒకసారి పలుకుడి.